ఎలుక మెదడులో ఒక్క మిల్లీమీటరు: చిన్న పెట్ స్కానర్ చరిత్ర

వైద్యంలో వాడే పరికరాలు ఎలా పుట్టాయి, ఎలా మారాయి అని మాట్లాడుకుంటున్నాం కదా. ఈ ఎపిసోడ్‌లో మనలో చాలామంది ఎప్పుడూ చూడని ఒక పరికరం గురించి చెబుతాను. అది ఎలుకల కోసం తయారుచేసిన పెట్ స్కానర్.

పెట్ స్కాన్ అనే మాట ఇప్పుడు మనకి కొత్త కాదు. ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ అని తెలిస్తే, ఎంతవరకు పాకిందో చూడటానికి పెట్-సీటీ తీయించమని డాక్టర్లు చెబుతారు. మనిషి పడుకుంటే లోపలికి జరిగే పెద్ద గుండ్రటి యంత్రం, మీలో కొందరు చూసే ఉంటారు. అదే పని ఎలుక మెదడుకి చేయాలంటే ఏమవుతుంది? మనిషి మెదడు బరువు సుమారు 1,400 గ్రాములు. ఎలుక మెదడు 2 గ్రాములు. చిట్టెలుక మెదడైతే అర గ్రాము కూడా ఉండదు. ఇంత చిన్నదానికి బొమ్మ తీయాలన్న పట్టుదల ఎందుకు, తీసిన బొమ్మని ఎంతవరకు నమ్మొచ్చు? ఈ రెండు ప్రశ్నల చుట్టూనే ఈ కథంతా.

ఎందుకు అన్నదానికి జవాబు సూటిగా చెప్పుకోవచ్చు. పార్కిన్సన్స్, ఆల్జైమర్స్ లాంటి జబ్బులకి కొత్త మందు వస్తోందంటే, అది మనిషి దాకా రాకముందు ఎలుకల మీద పరీక్షిస్తారు. మందు మెదడులోకి వెళ్లిందా, వెళ్లాల్సిన చోటుకే వెళ్లిందా, అక్కడ ఏం మార్చింది అని చూడాలి. పెట్ స్కాన్ ఇచ్చేది బొమ్మ ఒక్కటే కాదు, అంకె కూడా ఇస్తుంది. ఆ అంకె తప్పయితే పనికిరాని మందు ముందుకు పోవచ్చు, పనికొచ్చే మందు అక్కడే ఆగిపోవచ్చు. అందుకని ఈ చరిత్ర చదువుతున్నంతసేపూ నాకు ఒక్క విషయమే ముఖ్యమనిపించింది. బొమ్మ స్పష్టంగా ఉండటం వేరు, బొమ్మ నిజం చెప్పడం వేరు. ఈ రంగంలో వాళ్లు ఆ తేడాని మెల్లమెల్లగా, ఒక్కో మెట్టూ ఎక్కుతూ నేర్చుకున్నారు.

ముందుగా పెట్ ఎలా పనిచేస్తుందో క్లుప్తంగా చూద్దాం. 1928లో పాల్ డిరాక్ రాసిన సమీకరణంలోంచి ఎలక్ట్రాన్‌కి ఒక వ్యతిరేక కణం ఉండాలన్న ఊహ వచ్చింది. 1932లో కార్ల్ ఆండర్సన్ దాన్ని ప్రయోగంలో చూశాడు. అదే పాజిట్రాన్. కొన్ని రేడియోధార్మిక పరమాణువులు విచ్ఛిన్నమయ్యేటప్పుడు పాజిట్రాన్‌ని వదులుతాయి. అది కొంచెం దూరం పోయి ఒక ఎలక్ట్రాన్‌ని తాకుతుంది, రెండూ మాయమవుతాయి, వాటి స్థానంలో రెండు గామా కిరణాలు ఎదురెదురు దిశల్లో బయల్దేరతాయి. ఒక్కొక్కదాని శక్తి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. చుట్టూ వలయంలా స్ఫటికాలు పేర్చి, ఒకేసారి రెండు వైపులా వెలుగు మెరిస్తే, ఆ రెండు స్ఫటికాల్ని కలిపే గీత మీదే ఎక్కడో ఆ పరమాణువు ఉందని అర్థం. అలాంటి గీతలు లక్షల కొద్దీ పోగుచేసి కంప్యూటర్‌తో లెక్క కడితే బొమ్మ వస్తుంది. ఇంతే సూత్రం.

1950ల మొదట్లోనే బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో గోర్డన్ బ్రౌనెల్, విలియం స్వీట్ ఈ ఎదురెదురు కిరణాలతో మెదడులో కణితి ఎక్కడుందో వెతికారు. 1970ల నడుమ సెయింట్ లూయిస్‌లో మైకేల్ ఫెల్ప్స్, ఎడ్వర్డ్ హాఫ్‌మన్, మిషెల్ టెర్-పొగోసియన్ కలిసి మనం ఇప్పుడు పెట్ అంటున్న రూపానికి దగ్గరగా యంత్రాన్ని తెచ్చారు. ఇవన్నీ మనుషుల కోసం చేసినవి.

మరి ఎలుకల మాటేమిటి? అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలో లూయిస్ సొకొలాఫ్ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. మెదడులో ఏ భాగం ఎంత గ్లూకోజ్ వాడుకుంటోందో కొలిచే పద్ధతిని ఆయన బృందం 1977లో ప్రచురించింది. అందులో కిటుకు ఏమిటంటే, డీఆక్సీగ్లూకోజ్ అని గ్లూకోజ్‌లాగే ఉండే పదార్థం ఒకటుంది. కణం దాన్ని గ్లూకోజ్ అనుకుని లోపలికి తీసుకుంటుంది, మొదటి మెట్టు దాకా అరిగిస్తుంది, ఆ తర్వాత ముందుకీ పోలేదు, బయటికీ రాలేదు. అక్కడే ఇరుక్కుపోతుంది. దానికి రేడియోధార్మిక కార్బన్-14 తగిలించి ఎలుకకి ఎక్కించి, 45 నిమిషాలు ఆగుతారు. తర్వాత ఎలుకని చంపి, మెదడుని గడ్డకట్టించి, 20 మైక్రాన్ల మందాన పొరలుగా కోసి, ఎక్స్‌రే ఫిల్ము మీద పెడతారు. ఎక్కువ పని చేసిన భాగం నల్లగా కనిపిస్తుంది. ఒక మిల్లీమీటరులో అయిదో వంతు వివరం కూడా తెలిసేది. ఈ పద్ధతి మెదడు శాస్త్రాన్నే మార్చేసింది.

కాకపోతే ఒక ఎలుక, ఒకే ఒక్క క్షణం. అదే ఎలుకకి వారం తర్వాత ఎలా ఉంది, మందు ఇచ్చాక ఎలా ఉంది అని చూడటం కుదరదు. ప్రతి దశకీ కొన్ని ఎలుకలు కావాలి. పైగా ఒక ఎలుకకీ ఇంకో ఎలుకకీ ఉండే సహజమైన తేడాలు లెక్కలో కలిసిపోతాయి.

సొకొలాఫ్ కిటుకునే మనుషులకి తేవాలని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో ఆల్ఫ్రెడ్ వుల్ఫ్, జోవన్నా ఫౌలర్, టట్సువో ఇడో ప్రయత్నించారు. కార్బన్-14 కిరణం తలలోంచి బయటికి రాదు. అందుకని డీఆక్సీగ్లూకోజ్‌కి ఫ్లోరిన్-18 తగిలించారు. అదే ఈరోజు క్యాన్సర్ ఆస్పత్రుల్లో వాడే ఎఫ్‌డీజీ. ఫ్లోరిన్-18 సగం ఆయుష్షు సుమారు 110 నిమిషాలు. 1976 ఆగస్టులో దాన్ని అక్కడ తయారుచేసి, విమానంలో ఫిలడెల్ఫియాకి పంపి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మొదటిసారి మనుషులకి ఎక్కించారు. అంటే చూడండి, ఎలుకలో పుట్టిన పద్ధతి మనిషి దగ్గరికి వచ్చింది. ఇక దాన్ని తిరిగి ఎలుక దగ్గరికి తీసుకెళ్లాలి, ఈసారి ఎలుకని చంపకుండా. చెప్పడానికి తేలికే గానీ, చేయడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

మొదట్లో ఏం చేశారంటే, ఎలుకని తెచ్చి మనుషుల స్కానర్‌లోనే పెట్టారు. లండన్‌లోని హామర్‌స్మిత్ ఆస్పత్రిలో సూసన్ హ్యూమ్ బృందం 1992లో ఇలాంటి పని ప్రచురించింది. రాక్లోప్రైడ్ అనే పదార్థం మెదడులోని డోపమీన్ గ్రాహకాలకి అతుక్కుంటుంది. దానికి కార్బన్-11 తగిలించి, ఎలుక మెదడు నడుమ స్ట్రయేటమ్ అనే భాగంలో అది ఎంత చేరిందో కొలిచారు. పార్కిన్సన్స్ జబ్బులో డోపమీన్ తగ్గిపోయేది ఈ భాగంలోనే. ఎలుకలో దీని వెడల్పు మూడు నాలుగు మిల్లీమీటర్లు. అప్పటి మనుషుల స్కానర్ల స్పష్టత అయిదారు మిల్లీమీటర్లు. అంటే కొలవాల్సిన వస్తువు కన్నా కొలబద్దలో ఒక గడి పెద్దదన్నమాట.

ఇక్కడే ఈ కథలో అసలు చిక్కు మొదలవుతుంది. దీన్ని ఇలా ఊహించుకోండి. వాకిలి బాగా తడిగా ఉన్నప్పుడు ముగ్గు వేస్తే గీత పాకిపోతుంది. పిండి అంతే ఉంటుంది, కానీ గీత వెడల్పవుతుంది, తెలుపు పలచబడుతుంది. పక్కపక్కన రెండు గీతలుంటే ఒకదాంట్లోకి ఇంకొకటి పాకి కలిసిపోతుంది. పెట్ బొమ్మలో చిన్న భాగానికి సరిగ్గా అదే జరుగుతుంది. అందులో ఉన్న రేడియోధార్మికత పక్కకి పాకి, అసలు కన్నా తక్కువ చూపిస్తుంది. పక్కన ఉన్నది దీంట్లోకి పాకుతుంది. హాఫ్‌మన్, హువాంగ్, ఫెల్ప్స్ 1979లోనే దీన్ని లెక్కగట్టి చూపించారు. ఒక భాగం తాలూకు విలువ పూర్తిగా, సరిగ్గా రావాలంటే, ఆ భాగం యంత్రం స్పష్టత కన్నా కనీసం రెండు మూడు రెట్లు పెద్దదిగా ఉండాలి. ఎలుక మెదడులో అలాంటి భాగాలు ఎన్ని ఉంటాయి చెప్పండి?

మసకగా ఉంటే ఏం, అన్ని ఎలుకలకీ ఒకే మసక కదా, పోల్చి చూసుకోవచ్చు కదా అనిపించొచ్చు. చాలాసార్లు అలా పోల్చే పని నడిపించారు కూడా. కానీ ఒక సందర్భం చూడండి. జబ్బు వల్ల ఆ భాగమే కుంచించుకుపోయిందనుకుందాం. గ్రాహకాలు కణానికి ఎన్ని ఉండాలో అన్నే ఉన్నాయి. అయినా భాగం చిన్నదయ్యేసరికి ఎక్కువ పక్కకి పాకుతుంది, అంకె పడిపోతుంది. చూసేవాళ్లు గ్రాహకాలు తగ్గిపోయాయి అంటారు. మెదడు క్షీణించే జబ్బులన్నింటిలోనూ ఈ ప్రమాదం ఉంది. మందు పనిచేసిందా లేదా అన్న తీర్పు ఆ మసక మీద ఆధారపడిపోతుంది.

హామర్‌స్మిత్ వాళ్లు మనుషుల స్కానర్‌లో వాడే స్ఫటికాల దిమ్మెల్నే తీసుకుని, సుమారు పదకొండున్నర సెంటీమీటర్ల అడ్డంతో ఒక చిన్న వలయం కట్టించారు. దాని వివరాలు 1995లో వచ్చాయి. వలయం మధ్యలో స్పష్టత రెండున్నర మిల్లీమీటర్లకి కాస్త తక్కువ. ఆ ఏడాదే దాంతో ఒక ముఖ్యమైన పని జరిగింది. స్ట్రయేటమ్ దెబ్బతిన్న ఎలుకలకి అక్కడ కొత్త కణజాలం నాటి, అది బతికి పనిచేస్తోందా అని ఎలుక ప్రాణంతో ఉండగానే చూశారు. సొకొలాఫ్ పద్ధతిలో ఇది సాధ్యమయ్యే పని కాదు. నాటిన మొక్క వేరు పట్టిందో లేదో తెలుసుకోవడానికి ప్రతిసారీ దాన్ని పీకి చూడాల్సిన అవసరం తప్పింది.

వలయం చిన్నది చేస్తే ఇంకో మేలూ ఉంది, ఇంకో కీడూ ఉంది. మేలేమిటంటే, ఆ రెండు గామా కిరణాలు కచ్చితంగా ఎదురెదురుగా పోవు. పావు డిగ్రీ దాకా తేడా ఉంటుంది. వలయం 80 సెంటీమీటర్లు ఉంటే, ఆ పావు డిగ్రీయే దాదాపు 1.8 మిల్లీమీటర్ల మసకని తెస్తుంది. 17 సెంటీమీటర్ల వలయంలో అది 0.4 మిల్లీమీటరు లోపే. కీడేమిటంటే, చిన్న వలయంలో మధ్య నుంచి పక్కకి జరిగితే కిరణం స్ఫటికాన్ని ఏటవాలుగా తాకుతుంది. స్ఫటికంలో ఎంత లోతున ఆగిందో తెలియదు కాబట్టి గీత తప్పుగా గీస్తాం. స్ఫటికాన్ని పొట్టిది చేస్తే ఈ తప్పు తగ్గుతుంది, కానీ కిరణాలు పట్టుబడకుండా దాటిపోతాయి. ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోవాలి. తర్వాతి రోజుల్లో స్ఫటికానికి రెండు చివరలా వెలుగుని కొలిచో, రెండు పొరలుగా పేర్చో లోతుని కూడా కనిపెట్టే ఏర్పాట్లు వచ్చాయి.

ఇక స్ఫటికం సంగతి. అప్పటిదాకా వాడింది బిస్మత్ జెర్మనేట్, దాన్నే బీజీఓ అంటారు. గామా కిరణాల్ని బాగా ఆపుతుంది గానీ వెలుగు తక్కువ. వెలుగు తక్కువైతే ఏ చిన్న స్ఫటికం మెరిసిందో గుర్తుపట్టడం కష్టం. దీనికి పరిష్కారం ఆస్పత్రి వైపు నుంచి రాలేదు, చమురు బావుల వైపు నుంచి వచ్చింది. భూమి పొరల్ని కొలిచే పరికరాలు చేసే ష్లంబర్జే కంపెనీ పరిశోధనశాలలో చార్లెస్ మెల్చర్, ఆయన సహచరుడు ష్వైట్జర్ కొత్త స్ఫటికాన్ని తయారుచేసి 1992లో ప్రకటించారు. లుటీషియం ఆక్సీఆర్థోసిలికేట్, క్లుప్తంగా ఎల్ఎస్ఓ. బీజీఓ కన్నా నాలుగైదు రెట్లు వెలుగిస్తుంది. మెరుపు ఆరిపోవడానికి బీజీఓకి 300 నానోసెకన్లు పడితే దీనికి 40 చాలు.

లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సైమన్ చెర్రీ బృందం ఈ స్ఫటికాన్ని అందుకుంది. రెండు మిల్లీమీటర్ల మందం, పది మిల్లీమీటర్ల పొడవు ఉండే పుల్లల్లా కోశారు. అలాంటివి 64 చొప్పున 30 కట్టలు, మొత్తం 1,920 స్ఫటికాలు. ఒక్కో పుల్ల వెలుగునీ ఒక్కో ఆప్టికల్ ఫైబర్ ద్వారా బయటికి తెచ్చి ఫోటోమల్టిప్లయర్ గొట్టానికి అందించారు. వలయం అడ్డం 17 సెంటీమీటర్ల పైచిలుకు. దానికి మైక్రోపెట్ అని పేరు పెట్టారు. 1997లో ప్రచురించారు. స్పష్టత సుమారు రెండు మిల్లీమీటర్లు. ఆరు మిల్లీమీటర్ల నుంచి రెండుకి రావడం అంటే మూడు రెట్లే కదా అనుకోకండి. బొమ్మకి మూడు దిక్కులు ఉంటాయి. ఘనపరిమాణంలో చూస్తే 27 రెట్లు చిన్న గడి. తర్వాత ఒక్క మిల్లీమీటరు మందం స్ఫటికాలతో మైక్రోపెట్-2 వచ్చింది. ఈలోగా కంపెనీలు దీన్ని అమ్మకానికి తెచ్చాయి, ప్రపంచంలోని చాలా ప్రయోగశాలలకి చేరింది. కెనడాలోని షేర్‌బ్రూక్‌లో రోజర్ లెకోమ్ట్ బృందం ఒక్కో స్ఫటికానికి ఒక్కో చిన్న ఫోటోడయోడ్ పెట్టి ఇంకో దారిలో అదే గమ్యానికి నడిచింది.

ఇక్కడో చిన్న విశేషం చెప్పాలి. ఎల్ఎస్ఓలోని లుటీషియంలో రెండున్నర శాతం పైచిలుకు సహజంగానే రేడియోధార్మికం. అంటే స్కానర్‌లో ఎలుక లేకపోయినా స్ఫటికం తనంతట తనే కొంత మెరుస్తూ ఉంటుంది. మనిషికి ఇది లెక్కలోకి రాదు. చిట్టెలుకలో సంకేతం చాలా తక్కువగా ఉన్నప్పుడు మాత్రం దీన్ని కూడా లెక్కగట్టి తీసేయాలి.

స్ఫటికం చిన్నదైనకొద్దీ ఇంకో సమస్య పైకొచ్చింది. గడి చిన్నదైతే, ఒక్కో గడిలోంచి వచ్చే కిరణాలూ తక్కువే. మనిషి స్కాన్‌కి ఉన్నంత నమ్మకమైన లెక్క రావాలంటే ఎలుకకి బరువుని బట్టి చాలా ఎక్కువ మోతాదు ఎక్కించాలి. అది ఎఫ్‌డీజీకి కొంతవరకు నడుస్తుంది. రాక్లోప్రైడ్ లాంటివాటికి నడవదు. ఎందుకంటే మోతాదు పెరిగితే, ఆ పదార్థమే గ్రాహకాల్ని ఆక్రమించేస్తుంది. ఎన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నాయో చూడటానికి మనుషుల్ని పంపాం, వాళ్లే కుర్చీలన్నీ నింపేస్తే ఇక ఏం లెక్క తేలుతుంది? గ్రాహకాల్లో కొద్ది శాతానికి మించి నిండకూడదు. అందుకే చిట్టెలుకల విషయంలో రసాయన శాస్త్రవేత్తలు, యంత్రం చేసేవాళ్లు ఒకరి మీద ఒకరు ఆధారపడక తప్పలేదు.

దొరికిన కొద్దిపాటి కిరణాల్లోంచే ఎక్కువ నిజం రాబట్టాలి. ఇది గణితం చేసే పని. పాత పద్ధతి గీతల్ని వెనక్కి పరిచి వడపోస్తుంది. వేగంగా జరుగుతుంది, కానీ ప్రతి గీతా సన్నటి దారంలా ఉందని, కొలత కచ్చితమని నమ్ముతుంది. 1982లో షెప్, వార్డీ ఇంకో దారి చూపించారు. ముందు బొమ్మ ఎలా ఉంటుందో ఒక అంచనా వేసుకో, ఆ బొమ్మే నిజమైతే స్కానర్‌కి ఏం కనిపించాలో లెక్కగట్టు, అసలు కనిపించినదాంతో పోల్చు, తేడా మేరకి బొమ్మని సవరించు, మళ్లీ మొదలుపెట్టు. పులుసు రుచి చూస్తూ కొంచెం కొంచెంగా ఉప్పు సరిచేసుకున్నట్టు. దీనికి చాలా సమయం పట్టేది. 1994లో హడ్సన్, లార్కిన్ కొలతల్ని చిన్న చిన్న భాగాలుగా విడగొట్టి దాన్ని చాలా వేగవంతం చేశారు. 1998లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ లీహీ, జిన్యీ చీ బృందం ఈ పద్ధతిని మైక్రోపెట్‌కి కలిపింది. స్ఫటికంలో కిరణం ఎలా చొచ్చుకుపోతుంది, గీత ఎక్కడ ఎంత మసకబారుతుంది అన్న వివరాలన్నీ లెక్కలోనే చేర్చారు. అదే యంత్రం, అవే కొలతలు. బొమ్మ మాత్రం స్పష్టంగా మెరుగుపడింది.

నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నింటికన్నా జాగ్రత్తగా చూడాల్సిన మలుపు ఇదే. లెక్కతో మసకని తీసేస్తూ పోతే, ఒక హద్దు దాటాక గింజ గింజలుగా చప్పుడు పెరుగుతుంది. ఇంకా చిత్రమేమిటంటే, వస్తువు అంచుల దగ్గర లేని వెలుగు పుట్టుకొస్తుంది. చిన్న భాగమైతే రెండు అంచులూ కలిసి, నడుమ విలువ అసలు కన్నా ఎక్కువే చూపించొచ్చు. చూడటానికి ఎంతో పదునైన బొమ్మ, అంకె మాత్రం తప్పు. ఇంతకుముందు మసక వల్ల తక్కువ చూపించేది, ఇప్పుడు పదును వల్ల ఎక్కువ చూపిస్తోంది. కంటికి నచ్చిందని బొమ్మని నమ్మకూడదు అన్న సంగతి ఇక్కడ బాగా తేలింది.

అందుకే ఒక ఉమ్మడి కొలత కావాల్సి వచ్చింది. చిన్న జంతువుల పెట్ స్కానర్లకి అమెరికాలో నీమా సంస్థ 2008లో ప్రమాణం తెచ్చింది. అందులో రెండు విషయాలు నాకు నచ్చాయి. ఒకటి, స్పష్టతని కొలిచేటప్పుడు పాత వడపోత పద్ధతితోనే బొమ్మ కట్టాలి. గణితంతో మెరుగులు దిద్ది మా యంత్రం గొప్పదని చెప్పుకోవడానికి లేదు. రెండు, ఒక ప్లాస్టిక్ నమూనాలో 1 నుంచి 5 మిల్లీమీటర్ల దాకా అడ్డం ఉన్న అయిదు సన్న గొట్టాలుంటాయి. వాటిలో తెలిసిన మోతాదు నింపి, యంత్రం ఎంత చూపిస్తోందో చెప్పాలి. అయిదు మిల్లీమీటర్ల గొట్టంలో దాదాపు అంతా కనిపించే యంత్రం కూడా, ఒక్క మిల్లీమీటరు గొట్టం దగ్గరికి వచ్చేసరికి అసలు విలువలో కొంత భాగమే చూపిస్తుంది. ఎలుక మెదడులో ఏ భాగం మాట నమ్మొచ్చో, ఏది నమ్మకూడదో ఆ గొట్టాలే ముందుగా చెప్పేస్తాయి.

యంత్రం సరే, ఎలుక వైపు నుంచి కూడా కొన్ని తప్పులు వస్తాయి. ఎలుక కళ్ల వెనకాల హార్డేరియన్ గ్రంథులని ఉంటాయి. మనుషుల్లో ఇవి ఉండవు. ఇవి ఎఫ్‌డీజీని బాగా పీల్చుకుంటాయి. మెదడు ముందు భాగానికి ఆనుకునే ఉంటాయి కాబట్టి వాటి వెలుగు మెదడులోకి పాకుతుంది. తెలియనివాళ్లు చూస్తే మెదడు ముందు భాగం చురుగ్గా ఉందనుకుంటారు. అలాగే, చిన్న తల కదా, కిరణాలు కణజాలంలో ఆగిపోవులే అని మొదట్లో ఆ సవరణని వదిలేసినవాళ్లూ ఉన్నారు. కానీ మూడు సెంటీమీటర్ల కణజాలం దాటేసరికే జంటల్లో దాదాపు నాలుగో వంతు పోతాయి. అంకె కావాలనుకునేవాళ్లు వదిలేయగలిగే మొత్తం కాదది.

ఇంకోటి రక్తం. మెదడుకి ఎంత పదార్థం అందిందో తెలియాలంటే స్కాన్ జరుగుతుండగా ధమని రక్తాన్ని పదే పదే తీసి కొలవాలి. 250 గ్రాముల ఎలుకలో మొత్తం రక్తమే 16 మిల్లీలీటర్లు ఉంటుంది. చిట్టెలుకలో రెండు కూడా ఉండదు. ఎంతని తీస్తాం? హామర్‌స్మిత్‌లోనే ఎడ్రియాన్ లామర్ట్స్‌మా, సూసన్ హ్యూమ్ 1996లో దీనికి ఒక సులువైన పద్ధతి ప్రకటించారు. గ్రాహకాలు దాదాపు లేని అనుమస్తిష్కాన్ని ఆధారంగా పెట్టుకుని, దాంతో స్ట్రయేటమ్‌ని పోలిస్తే రక్తం తీయకుండానే లెక్క తేలుతుంది. మనుషుల స్కాన్లలో కూడా ఈ పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. కాకపోతే స్ట్రయేటమ్ అంకె మసక వల్ల ముందే తగ్గిపోయి ఉంటే, ఈ లెక్కలోకి కూడా ఆ తప్పే వచ్చి చేరుతుంది.

చివరిది, అన్నింటికన్నా పెద్దది మత్తుమందు. ఎలుక కదలకుండా ఉండదు కదా, మత్తిచ్చి పడుకోబెడతారు. కానీ మనం చూడాలనుకుంటున్నది మెదడు పనితీరునే. మత్తుమందు మార్చేది కూడా దాన్నే. మత్తులో మెదడు గ్లూకోజ్ వాడకం తగ్గుతుంది, ఒక్కో మందుతో ఒక్కోలా. కెటమిన్, జైలజిన్ కలిపి ఇస్తే చిట్టెలుక రక్తంలో చక్కెర పెరిగి, మెదడుకి చేరే ఎఫ్‌డీజీ పడిపోతుంది. గది చల్లగా ఉందా, ఎలుక తిని ఉందా, అన్నీ అంకెని మారుస్తాయి. ఎఫ్‌డీజీ విషయంలో ఒక ఉపాయం ఉంది. మెలకువగా ఉన్నప్పుడే ఎక్కించి, అది కణాల్లో ఇరుక్కునేదాకా తిరగనిచ్చి, ఆ తర్వాత మత్తిచ్చి స్కాన్ చేస్తారు. సొకొలాఫ్ కిటుకు ఇక్కడ మళ్లీ పనికొచ్చింది. కానీ రాక్లోప్రైడ్ అలా ఇరుక్కుని ఉండిపోదు, నిమిష నిమిషానికీ మారుతుంది. దాన్ని జరుగుతుండగానే చూడాలి.

బ్రూక్‌హేవెన్ వాళ్లు దీనికి చేసిన పని వింటే ఆశ్చర్యమేస్తుంది. ఎలుకని స్కానర్‌లో పెట్టే బదులు, స్కానర్‌నే ఎలుక తలకి పెట్టారు. సుమారు పావు కిలో బరువుండే చిన్న వలయం, తల చుట్టూ టోపీలా ఉంటుంది. బరువు ఎలుక మీద పడకుండా పై నుంచి వేలాడదీశారు. దాని పేరు ర్యాట్‌క్యాప్. ఎలుక మెలకువగా తిరుగుతూ ఉండగా దాని నడవడికనీ, మెదడులో డోపమీన్ సంకేతాన్నీ ఒకేసారి కొలిచి 2011లో ప్రచురించారు. సిడ్నీలో ఆండ్రే కైమ్, స్టీవెన్ మైకిల్, రోజర్ ఫుల్టన్ బృందం మరో దారి పట్టింది. ఎలుక తల మీద చిన్న గుర్తు అతికించి, కెమెరాతో దాని కదలికని వెంటాడి, కిరణం వచ్చిన ఆ క్షణాన తల ఎటు తిరిగి ఉందో చూసి, ఒక్కో గీతనీ వెనక్కి తిప్పి సరైన చోట పెట్టారు.

ఇప్పుడు ఎక్కడున్నాం? 2020లలో జపాన్‌లోని చిబాలో చిట్టెలుక మెదడు కోసం కట్టిన స్కానర్ అర మిల్లీమీటరు దరిదాపుకి వచ్చింది. ఇంతకన్నా దిగాలంటే ప్రకృతే అడ్డొస్తుంది. ఎందుకంటే పాజిట్రాన్ పుట్టినచోటే ఆగదు. ఫ్లోరిన్-18 నుంచి వచ్చేది నీటిలో సగటున 0.6 మిల్లీమీటరు పోతుంది. ఆక్సిజన్-15 నుంచి వచ్చేదైతే రెండు మిల్లీమీటర్లకి పైనే. మనం చూసేది పాజిట్రాన్ ఆగిన చోటుని, పరమాణువు ఉన్న చోటుని కాదు. స్ఫటికాన్ని ఎంత సన్నగా కోసినా ఈ తేడా పోదు. కొంతవరకు లెక్కతో సర్దుకోవచ్చు, అంతే.

ఈ కథంతా వరసగా పెట్టుకుని చూస్తే నాకు ఒక క్రమం కనిపిస్తుంది. మొదట తప్పంతా వలయానిదే అనుకున్నారు, చిన్నది చేశారు. తర్వాత స్ఫటికం, ఆ తర్వాత గణితం, ఆ పైన రక్తం, గ్రంథులు, చివరికి మత్తులో ఉన్న ఎలుక. ముందున్న పెద్ద తప్పుని సరిదిద్దితేనే వెనకున్న చిన్న తప్పు బయటపడింది. ఆరు మిల్లీమీటర్ల మసకలో హార్డేరియన్ గ్రంథిని విడిగా ఎవరు చూడగలరు? కాబట్టి యంత్రం బాగుపడేకొద్దీ అనుమానాలు తగ్గుతాయనుకుంటే పొరపాటు. అనుమానాలు ఇంకా సూక్ష్మమవుతాయి.

ఇందులో ఇంకో బాధ్యత కూడా ఉంది. 1959లోనే రసెల్, బర్చ్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు జంతు ప్రయోగాలకి మూడు సూత్రాలు చెప్పారు. వీలైతే జంతువుకి బదులు వేరే దారి వెతకండి, వాడక తప్పకపోతే తక్కువ వాడండి, వాడినప్పుడు బాధ తగ్గించండి. ఒకే ఎలుకని పదిసార్లు స్కాన్ చేయగలగడం ఆ రెండో సూత్రానికి గట్టి సాయం. కానీ ఆ పది స్కాన్ల అంకెలూ నమ్మదగ్గవి కాకపోతే, ఆ ఎలుకా వృథా, ఆ అంకెల మీద ఆధారపడి రేపు మందు వేసుకునే మనిషికీ అన్యాయమే. ఒక్క మిల్లీమీటరు కోసం ఇన్నేళ్లు ఇంతమంది ఎందుకు తలలు పట్టుకున్నారంటే, నాకు తోచిన జవాబు ఇదే.

కాబట్టి ఇకమీదట పేపర్లో ఫలానా మందు ఎలుకల మెదడులో అద్భుతంగా పనిచేసింది అని రంగురంగుల బొమ్మతో వార్త వస్తే, బొమ్మ చూసి సంతోషించండి, తప్పు లేదు. దాంతోపాటు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఆ భాగం ఎన్ని మిల్లీమీటర్లు, యంత్రం స్పష్టత ఎంత, ఎలుక మెలకువగా ఉందా మత్తులో ఉందా? ఈ మూడూ తెలిస్తే ఆ వార్తని ఎంతవరకు నమ్మాలో మీరే తేల్చుకోగలరు.

ఈ ఎపిసోడ్ ఇక్కడితో ముగిస్తున్నాను. మీ ప్రశ్నలు రాసి పంపండి, వీలైనన్నింటికి వచ్చేసారి జవాబు చెబుతాను.